ఆదివారం అని రాయడానికి అడ్డేమిటి?

మొదట ఒక నేరం ఒప్పుకుంటాను. ముప్పై మూడేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినవాణ్ణి. కోడి కెలికినట్లున్న దస్తూరీలోంచి కూడా జవాబు ఏరి తీసి మార్కులు వేసినవాణ్ణి. ఆ ధీమాతోనే మా అక్కయ్య మందుల చీటీ చదివాను. తప్పు చదివాను. ఆమె చావు తప్పి బయటపడింది. కనుక ఈ టపాలో కోపం కనిపిస్తే అందులో మొదటి వాటా నాదేనని గ్రహించి చదవగలరు. మిగిలిన వాటాలు ఎవరెవరివో కింద మనవి చేస్తాను.

అక్కయ్యకు డెబ్బై ఒకటో ఏడు. గోదావరి జిల్లా పల్లెలో, బావగారు కట్టించిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆమెకు చేతివేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే లేచాక గంటసేపు పిడికిలి బిగుసుకోదు. చెంబు పట్టు చిక్కదు. ముగ్గుపిండి వేళ్ళ సందునుంచి జారి కుప్పగా పడుతుంది. ఊరంతా కలిసి ఒకే రోగనిర్ణయం చేసింది: వాతం.

ఈ మాట మీద నాకు వృత్తిరీత్యా ఒక ఫిర్యాదు ఉంది. చరకసంహితలో వాతరక్తానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మాధవనిదానం ఆమవాతాన్ని వేరే రోగంగా వర్ణించింది. సంధివాతం మరొకటి. ఆ శాస్త్రం నేటి శాస్త్రంతో ఎంతవరకు సరిపోలుతుందన్నది వేరే చర్చ, దానిలోకి నేను పోను. కాని ప్రాచీనులు కీళ్ళనొప్పులన్నిటినీ ఒక గాటన కట్టలేదు. మనం కట్టాము. మోకాలి కీలు అరిగినా వాతమే. యూరిక్ ఆమ్లం పేరుకొని కాలి బొటనవేలు రాత్రికి రాత్రి నిప్పులా మండినా వాతమే. 2006లో చికున్‌గున్యా వచ్చి పోయాక నెలల తరబడి కుంటినా వాతమే. శరీరపు రక్షణ వ్యవస్థ తిరగబడి తన కీళ్ళనే తాను కొరుక్కు తింటున్నా వాతమే. ఈ చివరిదాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. పై మూడింటి వైద్యం వేరు, దీని వైద్యం వేరు. దీన్ని మొదటి నెలల్లో పట్టుకుంటే కీలు దక్కుతుంది. ఎముక అంచు ఒకసారి కరిగిపోయాక ఏ మందూ దాన్ని తిరిగి తెచ్చిపెట్టలేదు. గత మూడు దశాబ్దాలలో ఈ వైద్యశాఖలో వచ్చిన పెద్ద మార్పు ఏమిటని నన్నడిగితే, ఖరీదైన కొత్త ఇంజెక్షన్ల కన్నా ముందు ఈ తొందరనే చెబుతాను. ‘వాతమేలే, వయసు’ అన్న రెండు మాటలు ఆ తొందరను మింగేస్తున్నాయి.

అక్కయ్య విషయంలో ఆ నెలలు పొట్లం మందులో పోయాయి. పక్క ఊరినుంచి ఎవరో తెచ్చిపెట్టిన పేరులేని పొడి. వేసుకున్న మూడోనాడు చక్కగా ముగ్గు వేసింది. ఆరు నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగరు వచ్చింది. తరువాత చూసిన పెద్ద డాక్టరు ముఖం చూడగానే ‘స్టిరాయిడు కలిపి ఉంటారు’ అన్నారు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్ళు బిగిసి కదలలేని రోగికి కార్టిజోన్ ఇచ్చి నడిపించినప్పుడు లోకం అద్భుతమంది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగమూ దక్కింది. ఆ అద్భుతానికి శరీరం చెల్లించే ధర ఏమిటో వైద్యులకు కొద్ది సంవత్సరాలలోనే తెలిసింది. మన పొట్లాల వారికి డెబ్బై ఏళ్ళు దాటినా తెలియలేదనుకోవడం నా అమాయకత్వం. తెలిసే ఇస్తున్నారు. దాని మీద వేరే టపా రాయాలి, ఇప్పుడు కాదు.

చివరకు నగరంలో రుమటాలజిస్టు దగ్గర చూపించాం. ఆయన మంచి వైద్యుడు, ఇప్పటికీ అదే అంటాను. చేతులు రెండూ పట్టుకుని ఒక్కొక్క కణుపూ నొక్కి చూశారు, రక్తపరీక్షలు చేయించారు, రోగం పేరు చెప్పారు, మందు రాశారు. బయట వరండాలో కుర్చీలన్నీ నిండి, గోడకు ఆనుకుని జనం నిలబడి ఉన్నారు. చీటీ రాయడానికి ఆయనకు అర నిమిషం పట్టి ఉంటుంది.

అక్కయ్య ఊరికి చేరాక ఆ చీటీని పక్కింటి కుర్రవాడు ఫోటో తీసి నాకు పంపాడు. ‘ఎలా వేసుకోవాలో తమ్ముణ్ణి అడిగి చెప్పు’ అన్నదట. నేను కళ్ళజోడు తుడుచుకుని చదివాను. రెండు మందులు: మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు. మొదటిదాని పక్కన ఇంగ్లీషు అక్షరం ‘ఓ’, దాని తోకగా ఒక మెలిక. రెండోదాని పక్కన కూడా ‘ఓ’, మెలిక. ‘ఓ’ పక్కన ‘డి’ ఉంటే రోజుకొకసారి అని నా రక్తపోటు బిళ్ళ నాకు పదేళ్ళ కిందటే నేర్పింది. ‘ఓ’ పక్కన ‘డబ్ల్యు’ ఉంటే వారానికొకసారి అని ఎవరూ నేర్పలేదు. రెండూ రోజుకొకటి అని చెప్పాను. మందుల షాపులో కుర్రవాడు స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి కాగితం కవరులో వేసి, పైన ఉదయం గడిలో ఒకటి అని గీశాడు. నేను చెప్పినదీ అతడు గీసినదీ ఒకటే అయింది గనుక అక్కయ్యకు సందేహం కలగలేదు. రెండూ పసుపుపచ్చని చిన్న బిళ్ళలే.

అయిదో రోజున నోరు పొక్కింది. వేడి చేసిందని సబ్జా గింజలు నానబోసి తాగింది, మజ్జిగ తాగింది. ఎనిమిదో రోజుకు మెతుకు మింగలేకపోయింది. తొమ్మిదో రోజున జ్వరంతో ఆసుపత్రిలో చేర్చాం. తెల్ల రక్తకణాలు పడిపోయాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ఆ పసుపు బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, ‘అమ్మమ్మా, ఇది ఎన్నాళ్ళకొకటి వేసుకుంటున్నావు?’ అని అడిగింది. ‘రోజూనమ్మా. మా తమ్ముడు చదివి చెప్పాడు’ అన్నది అక్కయ్య. నేను మంచం పక్కనే ఉన్నాను.

పన్నెండు రోజులు ఆసుపత్రి. ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షన్లు విరుగుడుగా ఇచ్చి నిలబెట్టారు.

ఇక ఆ మందు సంగతి. శరీరంలో కణాలు రెట్టింపు కావడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మెథోట్రెక్సేట్ దాన్ని పనిచేయనివ్వదు. పెద్ద మోతాదులో ఇది క్యాన్సరు మందు. చిన్న మోతాదులో, వారానికి ఒక్కమారు ఇస్తే, కీళ్ళను తింటున్న మంటను అణచివేస్తుంది. మిగిలిన ఆరు రోజులు శరీరం కోలుకోవడానికి. ఆ ఆరు రోజుల విరామం మందులో భాగం, అది లేకపోతే మందు విషం. రోజూ వేస్తే త్వరగా పెరిగే కణాలున్న చోటల్లా దెబ్బ పడుతుంది: మొదట నోరు, తరువాత పేగు, ఆ తరువాత రక్తం పుట్టే ఎముక మూలుగ. వారానికొకమారు సరిగ్గా వాడినప్పుడు సైతం నిర్ణీత వ్యవధిలో రక్తపరీక్షలూ కాలేయపు పరీక్షలూ చేయించాలి. మూత్రంలో మంటకు ఎవరైనా సెప్ట్రాన్ వంటి మాత్ర రాయబోతే ‘నేను ఈ మందు మీద ఉన్నాను’ అని చెప్పాలి, ఆ రెండూ కలిస్తే ప్రమాదం. ఇంత జాగ్రత్త అవసరమైనదే అయినా ప్రపంచమంతటా రుమటాయిడ్ రోగికి మొట్టమొదట రాసేది దీన్నే. కారణం, ఇది పనిచేస్తుంది. పైగా చవక. దీనితో లొంగనివారికి ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్లు వేలల్లో ఉంటాయి. 2014లో అడాలిముమాబ్‌కు మన దేశపు బయోసిమిలర్ వచ్చాక ధర తగ్గిందన్నా, అది మా అక్కయ్య పింఛను అందుకునే తగ్గుదల కాదు.

ఈ మందు ఎక్కడినుంచి వచ్చిందో చెబితే మీలో కొందరికైనా నాలాగే ఒళ్ళు మండుతుందని ఆశ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడయ్యాడు. ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. దానికి విరోధులైన పదార్థాలనూ తయారు చేసింది. అందులో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు ఉన్న పసిపిల్లలకిచ్చి, ఆ ఫలితాలను 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువే నేటి మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో, యాభై మూడేళ్ళకే కన్నుమూశాడు. 1951లో గుబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్ళరోగులకు వాడి చూశాడు. తరువాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో పరీక్షలు జరిగి 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతించింది. అక్కయ్య కవరులోని ఆ రెండు పసుపు బిళ్ళలూ, మందూ దానికి తోడుగా ఇచ్చే రక్షా, రెండింటి వెనుకా గోదావరి జిల్లావాడి ప్రయోగశాల ఉంది. ఆ రెండింటి మీదా ఒక్క తెలుగు అక్షరం లేదు. తపాలా బిళ్ళ మీద ఆయన బొమ్మ వేసుకున్నాం, జయంతులకు దండలు వేసుకుంటున్నాం. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఇటువంటి గౌరవానికే పుట్టి ఉండాలి.

పొరపాటు మా ఇంట్లోనే జరిగిందా? కాదు. ఇది లోకమంతా ఎరిగిన పొరపాటు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లో దీని మీద ప్రత్యేకంగా సిఫారసులు చేసింది. వారానికొకమారు వాడే రోగికి హెచ్చరిక కార్డు ఇవ్వాలనీ, ఏ వారంనాడు వేసుకోవాలో దాని మీద రాయాలనీ అన్నది. బ్రిటన్ 2020లో అదే దారి పట్టింది. అక్కడి వారు ఇంకో చిన్న ఉపాయం ఎప్పుడో పాటించారు: రకరకాల మోతాదుల బిళ్ళలు కలగాపులగం కాకుండా 2.5 మిల్లీగ్రాముల బిళ్ళనే ఇవ్వమన్నారు. అక్షరాస్యత నిండుగా ఉన్న దేశాలు, తమ భాషలోనే చీటీ చదువుకునే రోగులున్న దేశాలు, ఇంత భయపడ్డాయి.

భాష అన్నాను గనుక ఇది కూడా వినండి. ఐరోపా సమాఖ్యలో మందు పెట్టె మీద రాత ఆ దేశపు అధికార భాషలో ఉండాలని చట్టం. ఎస్టోనియా జనాభా పదమూడు లక్షల పైచిలుకు. మన ఒక్క జిల్లాకు చాలరు. వారికి మందు పెట్టె మీద ఎస్టోనియన్ భాష ఉంటుంది. పెట్టె మీద మందు పేరు అంధులు తడిమి చదువుకునే బ్రెయిలీలోనూ ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు ఎనిమిది కోట్ల పది లక్షలకు పైనే. మన స్ట్రిప్పు మీద ఎర్రగీత పెట్టి హెచ్చరిక అచ్చువేస్తారు, ఇంగ్లీషులో. 2016లో వైద్యమండలి డాక్టర్లను స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాలలో రాయమన్నది. పెద్దక్షరాలు అన్నప్పుడే తెలిసిపోతోంది కదా అవి ఎవరి అక్షరాలో! తెలుగులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. 2023 ఆగస్టునుంచి మూడు వందల బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ గడులు వచ్చాయి. వాటిలో తయారుచేసినవారి పేరు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ ఉంటాయి. నకిలీ మందు పట్టుకోవడానికి మంచిదే. అసలు మందును అక్కయ్య ఎప్పుడు మింగాలో మాత్రం ఆ గడిలో లేదు.

ఈ మాటలు ఎత్తినప్పుడల్లా వినబడే జవాబులు నాకు కంఠస్థమయ్యాయి. ‘తెలుగులో వైద్య పరిభాష ఎక్కడుందండీ?’ అన్నది మొదటిది. అయ్యా, మెథోట్రెక్సేట్‌కు అచ్చ తెలుగు పేరు పెట్టమని నేనడగలేదు. పెడతామని ఎవరైనా బయలుదేరితే అడ్డుపడేవారిలో నేనే ముందుంటాను. 2022లో మధ్యప్రదేశ్‌లో చేసినట్లు వైద్య విద్యార్థుల పుస్తకాలను అనువదించమనీ కోరడం లేదు. ఆదివారం అన్న మాటకు పరిభాషా సంఘం అక్కరలేదు. అది ఒకటో తరగతి పిల్లవాడికి వచ్చు.

‘రోగులకు చదువే రాదు కదా’ అన్నది రెండోది. మా అక్కయ్యకు ఎనిమిదో తరగతి వరకు చదువు వచ్చు. దినపత్రిక మొదటి పుటనుంచి వర్ధంతి ప్రకటనల దాకా చదువుతుంది. ఆమెకు రానిది మీ సంకేతం. చదువు రానివారి మాటకొస్తే, వారికి నోటితో చెప్పి, ‘ఏ రోజు వేసుకుంటావమ్మా?’ అని తిరిగి అడిగి, వారి నోట వినాలి. దానికి కాగితం కూడా అక్కరలేదు.

‘డాక్టర్లకు సమయం లేదు’ అన్నదానికి నేను తల వంచుతాను. వరండాలో జనాన్ని నేనూ చూశాను. మన జిల్లాల్లో ఈ శాఖ తెలిసిన వైద్యులు ఎంత తక్కువో, ఒక్కొక్కరి మీద ఎంత బరువో అర్థమైంది. అయితే నాలుగక్షరాలు రాయడానికి పట్టే సమయాన్నీ, పన్నెండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఆమెను కాపాడడానికి అయిదారుగురు వైద్యులు పెట్టిన సమయాన్నీ పక్కపక్కన పెట్టి ఒక లెక్కల మాస్టారి చేత కూడించండి. నేను తెలుగు మాస్టారిని, నాకే జవాబు వస్తోంది.

ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరులో చీటీలు వస్తున్నాయి, కనుక దస్తూరీ బాధ తీరిందని ఒక మిత్రుడన్నాడు. నేను అటువంటి చీటీలు నాలుగైదు సేకరించి చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, నిజమే. ఒక్కొక్క మందు ఎదుట ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు. 1-0-0, 1-0-1. రోజును మూడు ముక్కలు చేసే ఆ గడులలో వారానికి చోటే లేదు. వారపు మందును వేయాలంటే 1-0-0 అని వేసి, పక్కన ఇరుకులో ఇంగ్లీషులో ఒక ముక్క తగిలించాలి. 1-0-0 అని చూసిన షాపు కుర్రవాడు ఏం గీస్తాడు? వెనకటి తప్పు వంకర అక్షరాలలో జరిగింది, ముందటి తప్పు అందమైన అక్షరాలలో జరుగుతుంది.

ఇక్కడ మీ వాటా వస్తుంది, మిత్రులారా. లేఖినిలో ఆర్టీఎస్ కొట్టి, పొల్లులూ వత్తులూ తెరమీద విడిపోతుంటే సరిచేసుకుంటూ, తెలుగు కంప్యూటరులో కనబడాలని పట్టుబట్టిన తొలి తరం మీది. వెబ్‌సైటుకు ఏమనాలి, బ్లాగుకు ఏమనాలి అని రాత్రుళ్ళు వాదించుకున్నాం. నేనూ వాదించాను, వ్యాకరణం అడ్డుపెట్టి మరీ వాదించాను. యూనికోడ్‌లో తెలుగు 1991నుంచీ ఉంది. ‘మా యంత్రం తెలుగు అచ్చువేయదు’ అని ఏ ఆసుపత్రీ ఇప్పుడు అనలేదు. మీలో సగం మంది సాఫ్ట్‌వేరు వారు. ఆసుపత్రుల కోసం, మందుల షాపుల కోసం ప్రోగ్రాములు రాసేవారు మీలోనే ఉన్నారు. మెథోట్రెక్సేట్ అని కొట్టగానే ఆ మూడు గడులు మూసుకుపోయి, ఏడు వారాల పేర్లు తెలుగులో తెరుచుకోవాలి. వాటిలో ఒకటి ఎంచితేనే చీటీ అచ్చు కావాలి. రోజువారీ అని ఎంచబోతే యంత్రం ఒకసారి ఆగి ప్రశ్నించాలి. మన వాదాలన్నిటి కన్నా ఆ ఒక్క గడి తెలుగుకు ఎక్కువ మేలు చేస్తుందంటే మీకు కష్టం తోచవచ్చు. నాకూ తోచింది.

అక్కయ్య కోలుకుంది, అయితే ఆ మందు పేరెత్తితే మొహం తిప్పుకుంటోంది. జరిగింది మందు తప్పు కాదు, వారానికొకటైతే మళ్ళీ జాగ్రత్తగా మొదలుపెట్టవచ్చని పెద్ద డాక్టరు నచ్చజెప్పారు. నేను చెప్పబోతే, ‘నువ్వు చదవకురా’ అన్నది. కోపంగా కూడా కాదు, బుజ్జగిస్తున్నట్లు అన్నది. ఇప్పుడు వేరే మాత్రలేవో వాడుతోంది. వాటితో నొప్పి కొంత తగ్గినా వాపు లొంగలేదు. కుడిచేతి వేళ్ళు చిటికెనవేలి వైపు ఒరగడం మొదలైంది. అంటే ఆ తప్పు తొమ్మిది రోజులతో ముగియలేదు. సరైన మందును ఆమెకు శాశ్వతంగా దూరం చేసి, ఇంకా జరుగుతూనే ఉంది. జీవితమంతా సంధులు చెప్పి బతికినవాణ్ణి. సంధి విడదీయడం నేర్పానే గాని, విడిపోతున్న కీలు ముందు కూర్చోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

పోయిన నెల మా వీధి చివర ఉండే కుట్టుపని అమ్మాయి ఒక చీటీ పట్టుకొచ్చింది. అదే మందు. నేను చదవలేదు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని డాక్టరు గారి క్లినిక్కుకు వెళ్ళి, ఏ వారం వేసుకోవాలో చెప్పమని అడిగాను. ఆయన విసుక్కోకుండా గురువారం అన్నారు. మందుల షాపులో స్కెచ్ పెన్ను అడిగి తీసుకుని, స్ట్రిప్పు కత్తిరించనివ్వకుండా, వెనక వెండిరంగు కాగితం మీద ‘గురువారం మాత్రమే’ అని రాసిచ్చాను. షాపు కుర్రవాడు ఆసక్తిగా చూసి, ‘మాస్టారూ, ఆ పెన్ను ఇక్కడే ఉంచుతాను’ అన్నాడు.

మీలో వైద్యులుంటే, నేను పైన మందు గురించి రాసిన దానిలో పొరపాటుంటే, నిర్మొహమాటంగా వ్యాఖ్య రాయండి, సరిదిద్దుతాను. శనివారం అక్కయ్య దగ్గరికి వెళుతున్నాను, ఊళ్ళో సిగ్నలు అందదు. మంగళవారం వచ్చాక జవాబిస్తాను.